వెస్టర్న్ సినిమాల్లో మీకు మరపురానిది ఏది, ఎందుకు?

రెండో ఆట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కొద్ది నెలలుగా వెస్టర్న్ సినిమాలను, అంటే మనం వాడుకలో కౌబాయ్ సినిమాలు అనుకునేవాటిని, పనిగట్టుకుని చూస్తున్నాను. విడుదలైన ఏళ్ళ వరుసలోనే చూడాలని మొదట నియమం పెట్టుకున్నాను గానీ పదో సినిమా దగ్గరకు వచ్చేసరికి ఆ నియమం గాలికి పోయింది. ఇప్పటికి ఇరవై దాకా అయ్యాయి. చిత్రమేమిటంటే, వాటి కథలన్నీ నా తలలో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఎవరి మందను ఎవరు తోలుకుపోయారు, ఏ షెరిఫ్ ఎవరి మీద పగ తీర్చుకున్నాడు అని ఎవరైనా అడిగితే నేను తడుముకోవలసిందే. కానీ ఆ సినిమాల్లోని కొన్ని క్షణాలు మాత్రం, కథతో పెద్దగా పని లేకుండానే, చెక్కుచెదరకుండా ఉండిపోయాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. జాన్ ఫోర్డ్ 1946లో తీసిన 'మై డార్లింగ్ క్లెమెంటైన్' అమెరికాలోని టూంబ్‌స్టోన్ అనే ఊళ్ళో 1881 అక్టోబరు 26న నిజంగా జరిగిన ఓకే కొరాల్ కాల్పుల చుట్టూ అల్లిన కథ. అసలు కాల్పులు అర నిమిషంలో ముగిసిపోయాయని చరిత్ర చెబుతుంది. సినిమా చరిత్రకు ఎంతమాత్రం కట్టుబడలేదు. నిజజీవితంలో ఆ కాల్పుల్లో పాల్గొని బయటపడి, క్షయతో 1887లో మరణించిన డాక్ హాలిడే ఇందులో ఆ కాల్పుల్లోనే నేలకూలుతాడు. అయితే నాకు గుర్తున్నవి ఆ కాల్పులు కావు. ఊరి శాంతిభద్రతలు చూసే మార్షల్‌గా నటించిన హెన్రీ ఫోండా ఒక వసారాలో కుర్చీని వెనక కాళ్ళ మీద వాల్చి, ఎదుటి స్తంభానికి ఒక కాలు ఆనించి, తర్వాత రెండో కాలు మార్చి, పడిపోకుండా ఊగుతూ కూర్చుంటాడు. అంతే. ఎవరూ ఎవరినీ బెదిరించరు, కథ అంగుళం కూడా ముందుకు జరగదు. అయినా ఆ ఊరికి కాస్త శాంతి వచ్చిందని, ఆ శాంతి ఎంతోసేపు నిలవదని ఆ కుర్చీ చెప్పినంత స్పష్టంగా ఏ సంభాషణా చెప్పలేదనిపించింది.

నేను అడుగుతున్నది పది గొప్ప సినిమాల జాబితా కాదు. అలాంటివి ఎక్కడైనా దొరుకుతాయి. మీకు బాగా నచ్చిన ఒక వెస్టర్న్ ఏది, అందులో మీ మనసులో నిలిచిపోయినది ఏమిటి, అది ఎందుకు నిలిచిందని మీరు అనుకుంటున్నారు?


గడియారం:

నా సమాధానం 'హై నూన్'. ఫ్రెడ్ జిన్నెమన్ దర్శకత్వంలో 1952లో వచ్చింది. నిడివి 85 నిమిషాలు. కథ జరిగే కాలం కూడా ఇంచుమించు అంతే. ఉదయం పదిన్నర దాటాక మొదలై, మధ్యాహ్నం పన్నెండు గంటల రైలు వచ్చిన కొద్దిసేపటికి ముగుస్తుంది. మార్షల్‌కు అప్పుడే పెళ్ళయింది. అతను జైలుకు పంపిన హంతకుడు విడుదలై ఆ రైల్లో వస్తున్నాడు, అతని మనుషులు ముగ్గురు స్టేషన్లో ఎదురుచూస్తున్నారు. ఊరు విడిచి వెళ్ళడానికి మార్షల్‌కు అవకాశం ఉన్నా వెనక్కి తిరిగి వస్తాడు, సాయం కోసం గడప గడపా ఎక్కుతాడు, ప్రతి గడప దగ్గరా ఒక్కో రకమైన సాకు వింటాడు. ఆ సాకులు ఏవీ పూర్తిగా అబద్ధాలు కాకపోవడమే ఈ సినిమాలోని చేదు.

ఇందులో మరపురానిది గడియారాలని అందరూ అంటారు, నిజమే. కానీ గడియారాన్ని చూపించడం ఎవరైనా చేయగల పని. పన్నెండు కొట్టబోయే ముందు వచ్చే కొన్ని క్షణాల కూర్పును జాగ్రత్తగా గమనించండి. దిమిత్రీ త్యోమ్కిన్ సంగీతంలోని దెబ్బకు ఒక్కో షాట్ చొప్పున, మార్షల్‌ను కాదన్న వాళ్ళందరి ముఖాలూ వరుసగా వస్తాయి: చర్చిలో కూర్చున్నవాళ్ళు, సలూన్లో తాగుతున్నవాళ్ళు, ఇంట్లో దాక్కున్న మిత్రుడు. ఆ మధ్యలో ఎవరూ కూర్చోని ఒక కుర్చీ కూడా వస్తుంది. శిక్ష పడిన రోజున ఆ హంతకుడు కూర్చుని పగ తీర్చుకుంటానని ప్రతిజ్ఞ చేసిన కుర్చీ అది. మనిషి ఇంకా తెర మీదకు రానేలేదు, అతని ఖాళీ కుర్చీకి మాత్రం మనం భయపడుతూ ఉంటాం. ఆ తర్వాత రైలు కూత వినబడుతుంది. ఎడిటింగ్‌కు ఆ ఏడాది ఆస్కార్ వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. మార్షల్‌గా నటించిన గ్యారీ కూపర్‌కు ఉత్తమ నటుడిగా, త్యోమ్కిన్‌కు సంగీతానికీ పాటకూ వచ్చినవి కూడా కలిపితే మొత్తం నాలుగు.

ఇంకొక విషయం. ఆ రోజుల్లో ఆరుబయట తీసే నలుపు తెలుపు చిత్రాల్లో ఆకాశం అందంగా కనిపించడానికి కెమెరాకు ఫిల్టర్లు పెట్టి, మబ్బులను తీర్చిదిద్దేవారు. ఛాయాగ్రాహకుడు ఫ్లాయిడ్ క్రాస్బీ ఇక్కడ అవేవీ వాడలేదు. ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లగా, ఏ ఆదరవూ లేకుండా ఉంటుంది. కెమెరా క్రేన్ మీద మెల్లగా పైకి లేచి, నిర్మానుష్యమైన వీధిలో ఒంటరిగా నిలబడిన కూపర్‌ను చీమంత చేసి చూపించినప్పుడు, ఆ తెల్లదనమే మనకు వేడిలా తగులుతుంది. అప్పటికి కూపర్‌కు 50 ఏళ్ళు. ముఖంలోని అలసటను దాచే ప్రయత్నం ఎక్కడా కనిపించదు.

స్క్రీన్‌ప్లే రాసిన కార్ల్ ఫోర్‌మన్‌ను, సినిమా తయారవుతున్న రోజుల్లోనే, కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న అమెరికా ప్రతినిధుల సభ కమిటీ విచారణకు పిలిచింది. పాత సహచరుల పేర్లు చెప్పడానికి ఆయన ఒప్పుకోలేదు, పరిశ్రమ ఆయనకు తలుపులు మూసింది, ఆయన ఇంగ్లండ్‌కు వెళ్ళిపోయారు. సాకులు చెప్పి తప్పుకున్న ఊరిజనాన్ని ఆయన ఎక్కడ చూసి రాశారో వేరే చెప్పనక్కరలేదు.


దుమ్ముదారి:

గడియారం గారు చెప్పినదంతా ఒప్పుకుంటూనే ఎదురు వాదన ఒకటి పెడతాను. 'హై నూన్' చూసి ఒళ్ళు మండిన వాళ్ళలో దర్శకుడు హోవర్డ్ హాక్స్, నటుడు జాన్ వేన్ ముఖ్యులు. చేతనైన షెరిఫ్ ఎవరైనా ఊరంతా తిరిగి సాయం అడుక్కుంటాడా అన్నది హాక్స్ అభ్యంతరం. దానికి జవాబుగా వాళ్ళిద్దరూ కలిసి 1959లో 'రియో బ్రావో' తీశారు. ఇందులో షెరిఫ్ ఎవరినీ సాయం అడగడు. సాయం చేస్తామని వచ్చినవాళ్ళను సైతం, ఇది మీ వల్ల అయ్యే పని కాదు పొమ్మంటాడు. అతని పక్కన మిగిలేది ఒక తాగుబోతు, ఒక కుంటి ముసలివాడు, ఒక కుర్రవాడు.

కథగా చూస్తే రెండున్నర గంటలకు కాస్త తక్కువ నిడివిలో జరిగేది చాలా కొంచెం. జైల్లో ఒక హంతకుడు ఉంటాడు, అతన్ని విడిపించుకుపోవడానికి బయట అతని అన్న మనుషులు కాపు కాస్తుంటారు, లోపలివాళ్ళు రోజులు లెక్కపెడుతుంటారు. నిజానికి ఇది జైలు గదిలో నలుగురు మగవాళ్ళు కాలక్షేపం చేసే సినిమా అంటే అతిశయోక్తి కాదు. కానీ ఆ కాలక్షేపంలోనే మనుషులు కట్టుకుంటారు.

మొదటి దృశ్యాన్నే తీసుకోండి. చాలాసేపు ఒక్క మాటా ఉండదు. డీన్ మార్టిన్ పోషించిన తాగుబోతు, ఒకప్పటి డిప్యూటీ (షెరిఫ్ సహాయకుడు), పక్క తలుపులోంచి దొంగలా సలూన్లోకి వస్తాడు. గుక్కెడు మద్యానికి డబ్బు లేదు. ఒకడు అతన్ని చూసి నవ్వి, ఒక వెండి నాణేన్ని అందరూ ఉమ్మే ఇత్తడి తమ్మపడిగలోకి విసురుతాడు. మార్టిన్ మోకాళ్ళ మీద వంగి చేయి పెట్టబోతాడు. సరిగ్గా అప్పుడు ఒక బూటు కాలు ఆ పాత్రను తన్నేస్తుంది, కెమెరా కింది నుంచి పైకి చూస్తే అక్కడ షెరిఫ్ జాన్ వేన్ నిలబడి ఉంటాడు. ఒక మనిషి పతనం, మరొక మనిషి అసహ్యం, ఆ అసహ్యంలో దాగిన స్నేహం, ఇవన్నీ మాటల్లేకుండానే తెలిసిపోతాయి.

అయితే నేను పదే పదే చూసే దృశ్యం వేరు. తాగుడు మానాలని నానా అవస్థా పడి, చివరికి చేతులు వణికి, ఇక నా వల్ల కాదని మార్టిన్ గ్లాసులో విస్కీ పోసుకుంటాడు. అదే సమయంలో బయటి నుంచి శత్రువులు వాయించే ట్రంపెట్ రాగం వినబడుతుంది. ఎవరినీ ప్రాణాలతో వదలబోమని తెలిపే రాగం అది. అతను ఆ రాగం విని, ఒక్క క్షణం ఆగి, గ్లాసులోని విస్కీని తిరిగి సీసాలోకి పోసేస్తాడు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు చూడమంటాడు. చేతుల వణుకు ఆగిపోయిందని మనకు తెలియజేసే పద్ధతి అది! వీరత్వాన్ని ఇంతకంటే చిన్న పనిలో చూపిన సినిమా నేను చూడలేదు.

ఊరు చేయిచ్చినప్పుడు ఒంటరిగా నిలబడినవాణ్ణి మెచ్చుకోవడం తేలిక. కూలిపోయిన స్నేహితుణ్ణి కనిపెట్టుకుని ఉండటం, అదీ అతని ఆత్మగౌరవం దెబ్బతినకుండా చూసుకోవడం, అంతకంటే కష్టమైన పని. 'హై నూన్' నన్ను బిగించి కూర్చోబెడుతుంది, 'రియో బ్రావో' మళ్ళీ పిలుస్తుంది. ఏదో ఒకటే ఎంచుకోమంటే నేను రెండోదే ఎంచుకుంటాను.


చెవులున్నవాడు:

కళ్ళకు కనిపించినవాటి గురించే మాట్లాడుతున్నారు కనుక నేను చెవుల తరఫున వకాల్తా పుచ్చుకుంటాను. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ 1968లో తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' తొలి ఘట్టాన్ని ఒకసారి కళ్ళు మూసుకుని వినండి. పొడవాటి కోట్లు వేసుకున్న ముగ్గురు ఒక దిక్కుమాలిన స్టేషన్లో రైలు కోసం ఎదురుచూస్తుంటారు. అక్కడ నేపథ్య సంగీతం అసలు లేదు. నూనె ముఖం చూడని గాలిమర కిర్రుకిర్రుమంటూ తిరుగుతుంటుంది. పైనున్న ట్యాంకు నుంచి కారే నీటిబొట్లు వుడీ స్ట్రోడ్ తల మీద పడుతుంటాయి; అతను పక్కకు జరగకుండా టోపీ పెట్టుకుంటాడు, చుక్క చుక్కా టోపీ అంచులో నిలిచాక దాన్ని తీసి తాగేస్తాడు. జాక్ ఎలామ్ ముఖం మీద ఒక ఈగ వాలుతుంది. దాన్ని అతను తుపాకీ గొట్టంలో బంధించి, ఆ గొట్టాన్ని చెవి దగ్గర పెట్టుకుని, లోపలి రొద వింటూ తన్మయుడైపోతాడు. మూడోవాడు వేళ్ళు విరుచుకుంటాడు. రైలు వచ్చి, ఎవరినీ దింపకుండా కదిలి వెళ్ళిపోయాక, పట్టాల అవతల నుంచి మౌత్ ఆర్గన్ మూలుగు వినబడుతుంది. సినిమాలో మొట్టమొదటి సంగీతం అదే.

సంగీత దర్శకుడు ఎన్నియో మొరికోనె ఈ చిత్రానికి ముఖ్యమైన బాణీలన్నీ చిత్రీకరణకు ముందే సిద్ధం చేశారు. వాటిని లియోనీ సెట్లో వినిపిస్తూ, ఆ లయకు తగ్గట్టు నటులను నడిపించారు. క్లాడియా కార్డినాలే రైలు దిగి, తన కోసం ఎవరూ రాలేదని గ్రహించి, స్టేషన్ గదిలోంచి ఊళ్ళోకి నడిచే చోట కెమెరా ఆ భవనం కప్పు మీదుగా లేచి ఊరంతా ఒక్కసారి పరుచుకునేలా చూపిస్తుంది. స్వరం ఎక్కడ ఎగిసిందో కెమెరా సరిగ్గా అక్కడే ఎగరడం యాదృచ్ఛికం కాదు.

ఆ మౌత్ ఆర్గన్ దాన్ని వాయించేవాడి మెడలో ఎందుకు ఉందో సినిమా చివరిదాకా చెప్పదు. చూడనివారు ఉండవచ్చు కనుక నేనూ చెప్పను. తెలిసిన తర్వాత మాత్రం, అప్పటిదాకా విన్న ఆ వంకర స్వరం సంగీతం కాదని, ఊపిరాడని ఒక పిల్లవాడి శ్వాస అని అర్థమవుతుంది.

పరిశ్రమ పద్ధతి గురించి ఒక మాట. ఇటలీలో ఆ రోజుల్లో చిత్రీకరణ సమయంలోని మాటలను యథాతథంగా వాడేవారు కాదు. తర్వాత డబ్బింగ్‌లో పెట్టేవారు. ఒకే దృశ్యంలో నటులు తలా ఒక భాష మాట్లాడినా చెల్లిపోయేది. దాని వల్ల పెదవుల కదలికకు మాటకు పొసగక కొందరికి చికాకు కలుగుతుంది. నాకూ మొదట్లో కలిగింది. కానీ శబ్దమంతా తర్వాతే కట్టుకోవలసి రావడం వల్లనే లియోనీ ప్రతి ఈగనూ, ప్రతి బొట్టునూ విడిగా ఎంచి పెట్టుకోగలిగాడని నా నమ్మకం. అలాగే ఆయన వాడిన టెక్నిస్కోప్ అనే చిత్రీకరణ పద్ధతిలో ఫ్రేముకు, ఫిల్ము అంచు రంధ్రాల లెక్కన, నాలుగు రంధ్రాల ఫిల్ముకు బదులు రెండు రంధ్రాల ఫిల్మే ఖర్చవుతుంది, అంటే సగం. పొదుపు కోసం వచ్చిన ఆ వెడల్పాటి చట్రంలోనే, ముఖాన్ని నుదురూ గడ్డమూ కత్తిరించి కళ్ళు మాత్రమే చూపే ఆ ప్రసిద్ధమైన క్లోజప్పులు ఇమిడాయి.

లియోనీదే 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' చివర వచ్చే శ్మశానం కూడా శబ్దం కోసమే కట్టారేమో అనిపిస్తుంది నాకు. స్పెయిన్‌లోని బుర్గోస్ ప్రాంతంలో, ఆ దేశపు సైనికుల చేత వేల సంఖ్యలో ఉత్తుత్తి సమాధులు పెట్టించి దాన్ని తయారు చేశారు. 1966లో సినిమా వచ్చాక ఆ చోటు మట్టిలో, గడ్డిలో కప్పబడిపోయింది. 2015 నుంచి అభిమానులే పారలూ గడ్డపారలూ పట్టుకుని వెళ్ళి, నడిమధ్యన ఉన్న రాతి వలయాన్ని మళ్ళీ బయటకు తీశారు. ఎవరూ పూడ్చబడని శ్మశానాన్ని తవ్వి బతికించుకోవడం సినిమా పిచ్చికి పరాకాష్ఠ!


నీలిగడప:

'ది సెర్చర్స్' పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదు. జాన్ ఫోర్డ్, 1956. నాకు ఇది ప్రియమైన సినిమా అని చెప్పడానికి సంకోచిస్తాను గానీ, నన్ను వదలని సినిమా అని మాత్రం నిస్సంకోచంగా చెబుతాను.

చీకటిగా ఉన్న తెర మీద ఒక తలుపు తెరుచుకోవడంతో మొదలవుతుంది, తలుపు మూసుకోవడంతో ముగుస్తుంది. మొదట్లో ఇంటి ఇల్లాలు మార్తా గుమ్మంలోంచి బయటకు వచ్చి, ఎడారి వైపు నుంచి వస్తున్న భర్త సోదరుడు ఈతన్‌ను (జాన్ వేన్) చూస్తుంది. వాళ్ళిద్దరి మధ్య ఏదో ఉందని ఎవరూ అనరు. ఒక ఉదయం ఆమె లోపలి గదిలో అతని కోటును చేత్తో నిమురుతూ ఉంటుంది. ముందుగదిలో కాఫీ తాగుతున్న మతగురువుకు అది కనిపిస్తుంది. అతను చూపు తిప్పుకుని, ఏమీ చూడనివాడిలా ఎదుటి గోడ వైపు చూస్తూ తాగుతూనే ఉంటాడు. ఒక మనిషి మర్యాద ద్వారా మరొక ఇద్దరి రహస్యాన్ని మనకు చెప్పడమన్నది గొప్ప కథకులకే చేతనవుతుంది. ఆ కాఫీ గుక్కే లేకపోతే, తర్వాత ఆ కుటుంబం కొమాంచీలనే ఆదివాసీల దాడిలో నాశనమైనప్పుడు ఈతన్‌కు పుట్టిన ఉన్మాదం మనకు సగమే అర్థమయ్యేది.

ఆ ఉన్మాదమే ఈ సినిమాలోని చిక్కు. కొమాంచీలు ఎత్తుకుపోయిన చిన్నమ్మాయి కోసం అతను ఏళ్ళ తరబడి వెతుకుతాడు, కానీ దొరికితే కాపాడటానికి కాదు, వాళ్ళలో కలిసిపోయింది కనుక చంపడానికి. చలికాలంలో వాళ్ళకు తిండి దొరకకూడదని అడవిదున్నలను అదే పనిగా కాల్చి పడేస్తాడు. జాన్ వేన్ వంటి తారను పెట్టి, ఆ పాత్రలోని జాతిద్వేషాన్ని ఫోర్డ్ ఎక్కడా తీయగా చేయలేదు. అదే సమయంలో ఫోర్డ్ చూపుకూ హద్దులున్నాయి. కొమాంచీ నాయకుడిగా నటించినది జర్మనీలో పుట్టిన హెన్రీ బ్రాండన్. మిగిలిన కొమాంచీలుగా కనిపించేవారు ఆ ప్రదేశానికి చెందిన నవహో అనే మరో ఆదివాసీ ప్రజలు. టెక్సాస్ అని చూపినది నిజానికి యూటా, అరిజోనాల సరిహద్దులోని మాన్యుమెంట్ వ్యాలీ. ఈతన్‌తో పాటు వెతికే మార్టిన్ అనే యువకుడు తెలియక పెళ్ళాడిన ఆదివాసీ స్త్రీని హాస్యానికి వాడుకున్న దృశ్యాలు ఇవాళ చూడలేం. చూడవలసిన అవసరం ఉందని కూడా నేను వాదించను.

ఈ కథ వెనుక ఉన్న వాస్తవాల్లో సింథియా ఆన్ పార్కర్ జీవితం ఒకటని చెబుతారు. 1836లో టెక్సాస్‌లో ఆమెను చిన్నపిల్లగా కొమాంచీలు ఎత్తుకుపోయారు. 1860లో తెల్లవాళ్ళు ఆమెను "రక్షించే" నాటికి ఆమె ముగ్గురు బిడ్డల తల్లి. తన బిడ్డల దగ్గరకు తిరిగి పోవాలని ఎంతగానో ప్రయత్నించింది, పోనివ్వలేదు. ఆమె కొడుకు క్వానా పార్కర్ తర్వాత కొమాంచీలకు ప్రసిద్ధుడైన నాయకుడయ్యాడు. ఇది తెలిశాక ఆ సినిమా ముగింపు నాకు మారిపోయింది. అందరూ గుమ్మం బయట మిగిలిపోయిన వేన్‌ను చూస్తారు: ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని, కాసేపు నిలబడి, గాలిలోకి నడిచి వెళ్ళిపోతాడు. ఆ భంగిమ మూకీల నాటి నటుడు హ్యారీ కేరీది. ఆయన భార్య ఆలివ్ కేరీ ఇందులో నటించింది కూడా. అది నివాళి అని తెలిస్తే మనసు ఇంకా బరువెక్కుతుంది, కాదనను. కానీ నేను ఆయన కంటే ముందు గుమ్మం దాటి లోపలికి నడిపించుకుపోబడిన ఆ అమ్మాయిని చూస్తాను. ఆ ఇల్లు ఆమెది కాదు, ఆ మనుషులు ఆమెకు ఎవరూ కారు. నీకేం కావాలని ఆమెను ఎవరూ అడగరు, సినిమా కూడా అడగదు.


రెండో ఆట:

నీలిగడప గారూ, నేను ఆ సినిమాను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ వేన్‌నే చూశాను. మళ్ళీ చూడాలి.

మీ అందరినీ ఒక మాట అడగాలని ఉంది. ఇంతవరకూ ఎవరూ తుపాకీ పేలిన క్షణాన్ని చెప్పలేదు. ఆ సినిమాలు జనాన్ని పిలిచిందే తుపాకుల కోసం కదా?


దుమ్ముదారి:

ఒకటి చెప్పగలను. 'షేన్', 1953. దాని దర్శకుడు జార్జ్ స్టీవెన్స్ రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యపు చిత్రీకరణ దళానికి నాయకత్వం వహించి, నాజీల డాకౌ నిర్బంధ శిబిరాన్ని కూడా కెమెరాలో బంధించి వచ్చిన మనిషి. తుపాకీ దెబ్బ అంటే ఏమిటో కళ్ళారా చూసినవాడు. జాక్ పాలన్స్ బురద వీధిలో ఎలీషా కుక్‌ను కాల్చినప్పుడు ఆ శబ్దం ఫిరంగి పేలినట్టు అదురుతుంది, తగిలినవాడు తాడు కట్టి లాగినట్టు వెనక్కి ఎగిరి బురదలో పడతాడు. నిజంగానే వైర్లు కట్టి లాగారు. అంతవరకూ వెస్టర్న్‌లలో మనుషులు గుండెపట్టుకుని ముచ్చటగా ఒరిగిపోయేవారు. 'షేన్' అంతటిలో తుపాకీ పేలే సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందుకే ప్రతి పేలుడూ చెంపపెట్టులా ఉంటుంది.


మడమ తిప్పనివాడు:

తుపాకీ ప్రశ్న వచ్చింది కనుక 'అన్‌ఫర్గివెన్' గురించి. 1992లో క్లింట్ ఈస్ట్‌వుడ్ నటించి, దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి ఉత్తమ చిత్రంతో సహా నాలుగు ఆస్కార్లు వచ్చాయి. డేవిడ్ వెబ్ పీపుల్స్ స్క్రిప్టును 1970లలోనే రాశారు. ఈస్ట్‌వుడ్ దాన్ని కొని, పాత్రకు తగిన వయసు తనకు వచ్చేదాకా దాచుకున్నారు. ఆ నిరీక్షణ ఎంత తెలివైనదో మొదటి పది నిమిషాల్లోనే తెలుస్తుంది. ఒకనాటి భయంకర హంతకుడు పందుల దొడ్డిలో బోర్లా పడుతుంటాడు, గుర్రం ఎక్కబోయి జారిపోతుంటాడు, డబ్బాకు గురిపెట్టి ఒక్క గుండూ తగిలించలేక చివరికి ఇంట్లోకి పోయి షాట్‌గన్ తెచ్చి పేల్చేస్తాడు.

నాకు నిలిచిపోయినవి రెండు. మొదటిది, తాను అయిదుగురిని చంపానని గొప్పలు చెప్పుకున్న కుర్రవాడు, చూపు సరిగా ఆననివాడు, నిజంగా ఒక మనిషిని మొదటిసారి, అదీ మరుగుదొడ్డిలో కూర్చున్నవాణ్ణి కాల్చి వచ్చి, చెట్టు కింద తాగుతూ ఏడ్చే దృశ్యం. చచ్చినవాడు ఇక ఎన్నడూ ఊపిరి తీసుకోడన్న సంగతి అతనికి అప్పుడే అర్థమవుతుంది. దూరంగా ఒక గుర్రం మీద ఆ హత్యకు కూలి డబ్బు మెల్లగా వస్తుంటుంది.

రెండోది షెరిఫ్ ఇల్లు. జీన్ హ్యాక్‌మన్ పోషించిన ఆ షెరిఫ్ క్రూరుడు, కానీ తన కోసం తానే ఇల్లు కట్టుకుంటుంటాడు. వడ్రంగం రాదు. ఎక్కడా మూలమట్టం కుదరదు, వాన వస్తే లోపలంతా గిన్నెలు పెట్టుకోవాలి. ఊళ్ళో అందరూ చాటుగా నవ్వుకుంటారు. చివర్లో చావు ఎదురుగా నిలిచినప్పుడు అతనికి గుర్తొచ్చేది ఆ సగం కట్టిన ఇల్లే. అలాంటి దుర్మార్గుడి మీద జాలి కలగడం నాకు నచ్చలేదు, కానీ కలిగింది. ఆ కారే కప్పు లేకపోతే అతను ఇంకొక విలన్‌గా మిగిలిపోయేవాడు.


నీలిగడప:

ఇంకొక్క పేరు చెప్పి ఊరుకుంటాను. కెల్లీ రైకార్ట్ 2010లో తీసిన 'మీక్స్ కటాఫ్'. 1845లో, పశ్చిమానికి వలసపోయేవాళ్ళు నడిచిన ఒరెగాన్ దారిలో, మూడు కుటుంబాల బండ్లు దారి తప్పుతాయి. తెర చతురస్రానికి దగ్గరగా ఉంటుంది. వెస్టర్న్ అనగానే గుర్తొచ్చే విశాలమైన దిగంతం ఇందులో లేదు. స్త్రీలు తలకు కట్టుకున్న బానెట్ అంచుల మధ్య నుంచి ఎంత లోకం కనిపిస్తుందో మనకూ అంతే కనిపిస్తుంది. మగవాళ్ళు దూరంగా నిలబడి ఎటు పోవాలో నిర్ణయిస్తుంటే ఆ మాటలు మనకు ముక్కలు ముక్కలుగానే వినబడతాయి, ఎందుకంటే స్త్రీలకు వినబడేది అంతే. చెవులున్నవాడు గారికి ఇది నచ్చాలి.

తుపాకీ ఇందులోనూ పేలుతుంది. మిషెల్ విలియమ్స్ గాలిలోకి ఒక గుండు కాల్చి, రెండోది కాల్చడానికి మందు దట్టించి, గుండు కూరి, సిద్ధం చేసుకునేంతసేపూ కెమెరా కదలకుండా చూస్తూ ఉంటుంది. తటాలున తీసి పేల్చే తుపాకీలను చూసి చూసి అలవాటైన కళ్ళకు ఆ ఆలస్యం ఎంత పెద్దదో!


చెవులున్నవాడు:

నీలిగడప గారూ, ఆ సినిమా చూస్తాను. దుమ్ముదారి గారు చెప్పిన విస్కీ దృశ్యంలోని ట్రంపెట్ గురించి ఒక చిన్న చేర్పు. ఆ రాగం పేరు దెగ్వెయో. 1836లో అలమో కోటను ముట్టడించిన మెక్సికో సైన్యం, ఎవరికీ ప్రాణభిక్ష లేదని సూచిస్తూ ఆ పేరుగల బాణీని వాయించిందని ప్రతీతి. అయితే 'రియో బ్రావో'లో వినిపించేది ఆ పాత బాణీ కాదు, త్యోమ్కిన్ కొత్తగా కట్టినది. అంటే గడియారం గారి సినిమాకూ, దానికి ఎదురుగా తీసిన సినిమాకూ సంగీతం ఒక్కరిదే.

లియోనీకి ఆ రాగం ఎంత నచ్చిందంటే, 1964లో 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' తీస్తున్నప్పుడు చివరి పోరాటానికి దాన్నే వాడదామన్నాడు. అలాగైతే నేను పని చేయనని మొరికోనె భీష్మించుకున్నారు. ఆఖరికి తాను అంతకుముందెప్పుడో కట్టి పెట్టుకున్న ఒక జోలపాట వంటి బాణీని బయటకు తీసి, అదే ధోరణిలో ట్రంపెట్ మీద వాయించేలా మార్చి ఇచ్చారు. రెండింటినీ ఒకదాని వెంట ఒకటి, వీలైతే హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి.